నాబు మీద గాటు

ఆ నెల రోజులూ లిఫ్టాయనకి లిఫ్టుల ధ్యాస లేదు. వీధిలో చిన్నా పెద్దా అందరూ అతన్ని పిలిచే పేరు అదే. ముప్ఫై ఏళ్ళకి పైగా చుట్టుపక్కల సగం భవనాల లిఫ్టులు అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి మరి. అలాంటి మనిషి చేతుల గ్రీజు తుడుచుకుంటూ సీడీ ప్లేయర్ల గురించి వాకబు చెయ్యడం మొదలుపెట్టాడు. మెషిన్ రూము తాళంచెవి ఇచ్చే వాచ్‌మన్‌ని అడిగాడు. బేరింగులమ్మే కొట్టాయన్ని అడిగాడు. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన ఒక పెద్దమనిషిని బయటికి లాగి, ఆయన ఇంకా చెమటలు తుడుచుకుంటూ ఉండగానే, "మీ ఇంట్లో సీడీ ప్లేయరుందాండీ, ఏ రకం?" అని అడిగాడు. ఆ చివరి సంగతి భార్య చెవిన పడి, ఆవిడ నవ్వలేక కుట్టుమిషను ఆపేసి కూర్చుంది.

ఇదంతా వదిన కోసం.

వదిన అదే భవనంలో కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. లిఫ్టాయనా, బట్టలు కుట్టే అతని భార్యా రెండో అంతస్తులో ఉంటారు. అన్న పోయి ఆరేళ్ళయింది. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవాడు. పొద్దంతా వైర్లతో గడిపి వచ్చి, ఇంట్లో కూడా వైర్లే ముందేసుకునేవాడు. వంటింటి బల్లని రెండేళ్ళపాటు ఆక్రమించి, వదిన చేత నానా మాటలూ పడి, చివరికి తన చేతులతో ఒక వాల్వు యాంప్లిఫయరు తయారుచేశాడు. నల్లటి ఇనప పెట్టె, దాని నెత్తిన ఆరు గాజు వాల్వులు, వెనక ఇటుకల్లాంటి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, ముందువైపు ఒకే ఒక్క పెద్ద నాబు. స్విచ్చు వెయ్యగానే పలికే రకం కాదది. రెండు నిమిషాలు వేడెక్కాలి. వాల్వుల్లో దీపాలు ఎర్రబడి, పైన పేరుకున్న దుమ్ము కాస్త వేడి వాసన వేశాకే పాట బయటికొస్తుంది.

పాటంటే వదిన చెవి కోసుకుంటుంది. మూడేళ్ళ కిందట చూపు పోయినప్పుడు కూడా ఆవిడ పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. "చెవులున్నాయిగా," అంది, అంతే. కళ్ళు లేకపోయినా తన పని తనే చేసుకునేది. గ్లాసుడు మంచినీళ్ళకి కూడా ఒకరిని పిలవడం ఆవిడ ఒంటికి పడదు. పాత టేప్‌రికార్డరులో క్యాసెట్టు తనే పెట్టుకుని, మీట తనే నొక్కి, యాంప్లిఫయరు నాబు మీద వేలు పెట్టి తడుముకుంటూ తిప్పేది. ఆ నాబు అంచున ఆకురాయితో గీసిన చిన్న గాటు ఒకటుంది. పెట్టె మీద మేకుతలలా పొడుచుకొచ్చిన స్క్రూ ఒకటుంది. గాటు ఆ స్క్రూ ఎదురుగా వస్తే చాలు, అదే వదిన వాల్యూము. ముప్ఫై ఏళ్ళుగా అంతే.

ఆ గాటు మీద లిఫ్టాయన దగ్గర ఒక కథ ఉంది. ఎవరు దొరికినా చెప్పి నవ్వించేవాడు. "మా వదిన అన్నిట్లో దానకర్ణుడే గానీ వాల్యూములో మహా పిసినారి," అని మొదలుపెట్టేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో, పనిలో చేరిన కొత్తలో, అతను లిఫ్టు గొయ్యిలో రెండంతస్తుల పైనుంచి పడ్డాడు. తుంటి విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి. ఎనిమిది నెలలు వదినగారింటి వెనకగదిలో మంచానికి అతుక్కుపోయాడు. ముందుగదిలో పాట మోగుతూ ఉండేది. రాగం తెలిసేది, మాటలు తెలిసేవి కావు. "కాస్త పెంచు వదినా," అని అరిచేవాడు. "పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు," అనేది వదిన. రోజూ ఇదే తంతు. ఒకరోజు మధ్యాహ్నం అతనికి ప్రాణంలాంటి వయొలిన్ ముక్క ఏదో మొదలైంది. సరిగ్గా అసలు ఘట్టం వచ్చేసరికి ఏమీ వినబడి చావట్లేదు. ఒళ్ళు మండి లేచాడు. గోడ పట్టుకుని, తిట్టుకుంటూ, పదకొండు అడుగులు వేసి వెళ్ళి నాబు తిప్పేశాడు. తిప్పాక గానీ తను నిలబడి ఉన్న సంగతి గమనించలేదు. వదిన కూరగాయలు తరుగుతోందట. తలెత్తి, "వచ్చావా, కూర్చో," అందట. "చూశారా, డాక్టర్లు నిలబెట్టలేనివాణ్ణి మా వదిన పిసినారితనం నిలబెట్టింది," అని కథ ముగించేవాడు. విన్నవాళ్ళందరూ పడీ పడీ నవ్వేవారు. వదిన పక్కనే ఉంటే ఆవిడా నవ్వేది.

నాలుగు నెలల కిందట టేప్‌రికార్డరు మూలపడింది. మోటారు కాలిపోయింది, ఆ మోటారు ఇప్పుడెక్కడా తయారు కావట్లేదు. క్యాసెట్లకి కూడా బూజు పట్టి రీలు రీలుకి అంటుకుపోయింది. "పోనీలే, ఇప్పుడు నాకు పెద్దగా వినాలని కూడా లేదు," అంది వదిన. లిఫ్టాయన ఆ మాట నమ్మేశాడు. మగవాళ్ళకి కొన్ని మాటలు నమ్మడం సుఖంగా ఉంటుంది.

నమ్మనిది అతని భార్య. ఒకరోజు కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి కిందికి వెళ్ళి వచ్చి, కుర్చీలో కూలబడింది.

"మీ వదిన ఏం చేస్తోందో తెలుసా?"

"ఏం చేస్తోంది?"

"ఆ పెట్టె ఆన్ చేసుకుని దాని పక్కన కూర్చుంది. పాటా లేదు పాడూ లేదు. ఊరికే దాని మీద చెయ్యి పెట్టుకుని, వేడి చూసుకుంటా కూర్చుంది. నన్ను చూసి తీసేసింది. ఎన్నాళ్ళ నుంచి అలా కూర్చుంటోందో."

ఆ మర్నాటి నుంచే మొదలయ్యాయి లిఫ్టాయన వాకబులన్నీ. అతనికి కావలసింది ఒక్కటే. వదిన ఎవరినీ పిలవకుండా, తన చేతులతో తను పాట పెట్టుకోవాలి.

సీడీలకి కొదవ లేదు. లైబ్రరీవాళ్ళు పాతవని తీసేస్తుంటే అట్టపెట్టెడు ఇచ్చారు. అతని భార్య వాటికి గుడ్డ సంచులు కుట్టింది. గాత్రమైతే ఒక గుండీ, వయొలిన్ అయితే రెండు, వేణువైతే మూడు. వేలితో తడిమితే ఏది ఏదో తెలిసిపోతుంది. ఇక ప్లేయరు ఒక్కటే తక్కువ.

మొదట తెచ్చింది పెద్ద షోరూము సరుకు. సన్నగా, తళతళలాడుతూ ఉంది. కొట్టువాడు దాని గుణగణాలు చెబుతుంటే లిఫ్టాయనకి సగం అర్థం కాలేదు. అర్థం కానిది గొప్పదే అయివుంటుందని తీసుకొచ్చేశాడు. వదిన గాటు స్క్రూ ఎదురుగా పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ప్లేయరు ముందువైపంతా నున్నటి అద్దం. మీటల్లేవు, వేలు తగిలితే చాలట. వదిన వేళ్ళకి ఏం దొరుకుతుంది? అతనే నొక్కాడు.

ఒక్కసారిగా ఇల్లు దద్దరిల్లింది. స్టాండులో గ్లాసులు గలగలమన్నాయి. రెండో అంతస్తు నుంచి భార్య కత్తెర చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. వదిన నిప్పు తగిలినట్టు నాబు మీంచి చెయ్యి లాక్కుంది. ఆవిడ మొహంలో భయం చూడటం లిఫ్టాయనకి అదే మొదటిసారి. తడబడుతూ వైరు లాగేశాడు.

"గాటు దగ్గరే పెట్టానే," అంది వదిన.

"గాటు దగ్గరే ఉంది వదినా. ఎందుకిలా అరిచిందో..."

"ఇది నా చేతి మాట వినదురా. తిరిగిచ్చెయ్. పాటలు లేకపోతే ఏం, నేను బాగానే ఉన్నాగా."

ఆవిడ మాట మెత్తగానే ఉంది గానీ, ఆ రోజు తర్వాత యాంప్లిఫయరు ఆన్ చెయ్యడం కూడా మానేసింది. లిఫ్టాయనకి అది ముల్లులా గుచ్చుకుంది. మేలు చెయ్యబోయి, ఉన్న కాస్త వేడి కూడా పోగొట్టాడు.

రెండ్రోజుల తర్వాత ఒక ఆసుపత్రి లిఫ్టు లెవెలు సరిచేస్తున్నాడు. లిఫ్టు నేల, బయటి నేల కన్నా అరంగుళం పైన ఆగుతోంది. చూస్తే తెలియదు, కానీ ప్రతివాడి కాలూ తట్టుకుంటోంది. జనానికి లిఫ్టు ఎంత వేగంగా పోతుందో అక్కర్లేదు, ఎంత మెరుస్తుందో అక్కర్లేదు. అడుగు వేసిన చోట నేల ఉండాలి. చేతిలో పానా పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. వదినకి జరిగింది ఇదే. ఆవిడ చెయ్యి అలవాటుగా వేసిన చోట నేల లేదు.

ఆ సాయంత్రమే సోల్డరమ్మ దగ్గరికి వెళ్ళాడు. టైర్ల కొట్టు పక్కన మెట్ల కింది గదిలో పాత రేడియోలూ ప్లేయర్లూ బాగుచేసే ఆవిడ అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. చేతిలో ఎప్పుడూ సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది కాబట్టి అందరికీ సోల్డరమ్మే. అరవై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది, కోపం ముక్కు మీద ఉంటుంది. లిఫ్టాయన జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఐరన్ స్టాండులో పెట్టి, అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు పెళ్ళికూతుర్ని చూడకుండా పెళ్ళికొడుకుని తెచ్చావు తమ్ముడూ."

"అంటే అక్కా?"

"యాంప్లిఫయరెవరిది, ఎప్పటిది, దాంట్లోకి ఏం వెళ్ళేది, అవి తెలుసుకోకుండా ప్లేయరు కొంటారా ఎవరైనా? మీ అన్న ఆ పెట్టె కట్టిన రోజుల్లో దాంట్లోకి వచ్చేవి టేపు, రేడియో. అవి మొహమాటస్తులు, గొణుగుతాయి. ఆ గొణుగుడుని పెద్దది చెయ్యడానికి కట్టాడాయన. ఈ సీడీ ప్లేయరు గొంతు చించుకుని అరిచే రకం. టేపు కన్నా నాలుగైదింతలు. పాపం ఆ పెట్టె ఏం చేస్తుంది? ఇచ్చిందాన్ని పెంచింది."

"అయితే యాంప్లిఫయరులో ఏదైనా మార్చొచ్చా?"

సోల్డరమ్మ కళ్ళజోడు కిందికి దించింది. "ఒకాయన రెండేళ్ళు కూర్చుని చేత్తో కట్టిందాంట్లో నేను చెయ్యి పెట్టను. ప్లేయరునే దారికి తెద్దాం. ఆ పెట్టె తీసుకురా. అది లేకుండా నేను ఒక్క మాట కూడా చెప్పను."

వదిన్ని ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, "వాల్వులు నేనే తీసిస్తాను," అంది. అన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతట. ఒక్కో వాల్వునీ సున్నితంగా అటూ ఇటూ కదిపి పైకి లాగింది. లిఫ్టాయన భార్య వాటి మీద దర్జీ సుద్దతో అంకెలు వేసి, మెత్తటి గుడ్డముక్కల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆటోలో సోల్డరమ్మ కొట్టు చేరేదాకా భార్య ఒళ్ళో ఆరు గుడ్డ మూటలు, లిఫ్టాయన ఒళ్ళో ఇనప పెట్టె. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు.

సోల్డరమ్మ అడుగు పలక విప్పి లోపలికి టార్చి వేసింది. ముక్కు వైర్లకి తగిలేంత వంగి చూసింది.

"ఏమైందక్కా, పాడైందా?"

"పాడా? ఒక్క వైరు కూడా ఇంకో వైరు మీంచి దాటలేదు చూడు. ఇలా కట్టేవాళ్ళు మిగల్లేదు తమ్ముడూ. మీ అన్నకి నా తరఫున దణ్ణం." పలక జాగ్రత్తగా బిగించేసింది. తర్వాత నాబు మీద గాటు తడిమి, స్క్రూ ఎదురుగా తెచ్చి, నొసలు చిట్లించింది. "ఇంత కిందా? గాటు పెట్టిందెవరు?"

"అన్నే. వదిన వాల్యూము అది."

"ఇక్కడ పెట్టుకుని వినేవాళ్ళుంటారా? ఇది ఎదురుగా కూర్చుని వినే లెవెలు కాదే."

"మా వదిన సంగతి మీకు తెలియదు," అని లిఫ్టాయన పిసినారి కథ ఎత్తుకోబోయాడు. సోల్డరమ్మ చెయ్యెత్తి ఆపేసింది. ఆవిడకి కథలు వినే ఓపిక లేదు.

ఆవిడ పద్ధతి వేరు. ముందు అలమారలోంచి వదిన పాతదానిలాంటి టేప్‌రికార్డరే తీసింది. అంకెల ప్రకారం వాల్వులు మళ్ళీ గుచ్చి, టేప్‌రికార్డరుని యాంప్లిఫయరుకి తగిలించి, గాటు స్క్రూ ఎదురుగా పెట్టి, "ఇది మీ వదిన వినేది. చెవిలో నాటుకో. తర్వాత ప్లేయరుని దీని పక్కకి దింపుదాం," అంది. రెండు నిమిషాలకి వాల్వులు వేడెక్కాయి. ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఒక గొంతు వచ్చింది. రాగం తెలుస్తోంది, మాటలు తెలియట్లేదు. లిఫ్టాయన స్టూలు మీంచి తనకి తెలియకుండానే లేచాడు. చెయ్యి నాబు మీదికి పోయింది.

సోల్డరమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "ముట్టుకోకు."

అతను నాలిక్కరుచుకుని కూర్చున్నాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు.

ఇక ప్లేయర్లు, కొట్టులో ఉన్నవి మూడు. "కళ్ళు మూసుకుని ఎంచుకో. వాడేది నువ్వు కాదుగా," అని సోల్డరమ్మ తీర్పు చెప్పింది. అతని భార్య వాల్వులు చుట్టిన గుడ్డల్లో పెద్దది ఒకటి తీసి మొగుడి కళ్ళకి గట్టిగా కట్టింది. ఆవిడ కాస్త ఎక్కువే బిగించిందని అతని అనుమానం. షోరూము దానిలాంటి అద్దం ముఖం ప్లేయరుని రెండు నిమిషాలు వేళ్ళతో తడిమి తనే పక్కకి నెట్టేశాడు. రెండోదాంట్లో పళ్ళెం దానంతటదే ముందుకొచ్చింది. సీడీ పెట్టేలోపు దానంతటదే లోపలికి పోతూ అతని వేళ్ళు నొక్కింది. "అమ్మా," అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఏమాత్రం జాలి లేకుండా నవ్వారు.

మూడోది చేతికి తగలగానే మొహం చిట్లించాడు. సబ్బుపెట్టెలా చవగ్గా ఉంది, మూత మీద గీతలు వేలికి తెలుస్తున్నాయి. "ఇదెందుకక్కా, ముసల్ది."

"మూత తెరిచి చూడు ముందు."

మూత పైకి లేచే రకం. చేత్తో ఎత్తితేనే లేస్తుంది, చేత్తో మూస్తేనే పడుతుంది. లోపల నడుమ ఒక బొడ్డు. సీడీ రంధ్రం దాని మీద పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. మీటలు నాలుగే, నొక్కితే లోపలికి దిగి, దిగిన సంగతి వేలికి చెబుతాయి. కళ్ళకి గంతలతోనే రెండు నిమిషాల్లో సీడీ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. అతని మొహం విప్పారడం గుడ్డ కింద కూడా కనబడింది.

"దీనికి అన్నిటికన్నా ముఖ్యమైనది వెనకుంది," అంది సోల్డరమ్మ. వెనక చిన్న మర. ప్లేయరు గొంతుని అక్కడే తగ్గించుకోవచ్చు. పాతవాటిలో కొన్నిటికే ఉంటుందట. ఆవిడ లెన్సు తుడిచి, ప్లేయరు తగిలించి, టేపు పాట ఒకసారి, సీడీ పాట ఒకసారి మార్చి మార్చి పెడుతూ మర తిప్పింది. "ఎక్కువ," అన్నాడు లిఫ్టాయన. "ఇంకా ఎక్కువే. ఇప్పుడు తక్కువ. కాస్త, ఇంకాస్త." లిఫ్టు నేలని గడప దగ్గరికి వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా దింపే మనిషి అతను, ఇక్కడ చెవితో అదే పని చేశాడు. గంట పట్టింది. చివరికి టేపుకీ సీడీకీ మధ్య కాలు తట్టుకునేంత తేడా కూడా మిగల్లేదు. "ఆపక్కా. ఇదే," అన్నాడు. సోల్డరమ్మ ఆ మర కదలకుండా దాని మీద గోళ్ళరంగు చుక్క వేసింది. పాట మొదలుపెట్టే మీట మీద వేలికి తగిలేలా జిగురుబొట్టు పెట్టింది.

"ఒకటి గుర్తుపెట్టుకో. యాంప్లిఫయరు నెత్తిన దీన్ని ఎక్కించావో, వేడికి రెండూ చస్తాయి. పక్కన పెట్టు. మీ వదిన కుడిచేతి వైపు."

లిఫ్టాయన ఆవిడకి రెండు చేతులూ జోడించాడు. "మీ మేలు మర్చిపోను అక్కా," అన్నాడు. సోల్డరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టేసి, "వెళ్ళు, వెళ్ళు, నాకు పనుంది," అంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అన్నీ అమర్చాడు. వదినకి ఒక్కసారి చేతులు పట్టుకుని చూపించాడు. రెండోసారి చూపించబోతే ఆవిడ చెయ్యి విదిలించింది. "తెలిసింది. తప్పుకో." అతనూ భార్యా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

వదిన స్విచ్చు వేసింది. అరచెయ్యి పెట్టె అంచున ఆనించి వేడి కోసం ఆగింది. ఆగుతూనే గుడ్డ సంచులు తడిమి, రెండు గుండీలది తీసింది. మూత ఎత్తింది. సీడీ బొడ్డు మీద టక్కుమంది. మూత వేసి, జిగురుబొట్టు వెతికి నొక్కింది. ఎడమచేత్తో నాబు అంచున గాటు పట్టుకుని, మెల్లిగా స్క్రూ ఎదురుగా తెచ్చి ఆపింది. ఆ చెయ్యి ఇంకా కొంచెం భయపడుతోందని లిఫ్టాయనకి తెలుస్తూనే ఉంది.

వయొలిన్ మెత్తగా వచ్చింది. గ్లాసులు కదల్లేదు. వదిన చెయ్యి నాబు మీద అలాగే ఉండిపోయింది, ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నేనే పెట్టుకున్నాను," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. లిఫ్టాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లిఫ్టాయనకి ఛాతీ ఉప్పొంగింది. "వెంట్రుకవాసి తేడా లేదు వదినా. సరిగ్గా నీ గాటు దగ్గరే. ముప్ఫై ఏళ్ళుగా నువ్వు ఇష్టంగా వింటున్న చోటే."

వదిన నవ్వింది. "నేను ఇష్టంగానా? ఆ గాటు నాకెప్పుడు సరిపోయిందిరా?"

"అదేంటి?"

"నాకూ ఇంకొంచెం గట్టిగా వినడమే ఇష్టం. ఆ గాటు నీ కోసం పెట్టించాను. నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చిన మూడు నెలలకి. ఎముక అతుక్కుంది, ఇక లేవడం అతని చేతుల్లోనే ఉందన్నాడు డాక్టరు. నువ్వేమో గోడవైపు తిరిగి పడుకున్నావు. బతిమాలితే లేచే రకమా నువ్వు? అందుకని నువ్వు నిద్రపోతున్నప్పుడు మీ అన్నని నీ గది గుమ్మంలో నిలబెట్టి, నేనిక్కడ తిప్పుతూ అడిగాను, వినబడుతోందా, వినబడుతోందా అని. పాట ఏదో తెలియాలి, కడుపునిండా వినబడకూడదు. అక్కడ గాటు పెట్టమన్నాను. కోపమొచ్చైనా లేస్తావని."

"మరి పక్కింటివాళ్ళు అనుకుంటారనేదానివి?"

"పక్కవాటా అప్పుడు ఖాళీ."

ఐదు నెలలు ఆవిడ రోజూ తనకి చాలనంత తక్కువలో విని, రోజూ అతని అరుపులు భరించి, కూరగాయలు తరుగుతూ గుమ్మంవైపు చూస్తూ కూర్చుందన్నమాట. "లేచాక చెప్పొచ్చుగా," అన్నాడు లిఫ్టాయన.

"చెబితే నువ్వు లేచినట్టు ఎలా అవుతుంది? నేను లేపినట్టవుతుంది. నువ్వు మళ్ళీ ఆ గోతుల్లోకి దిగాల్సినవాడివి."

"మరి ఆ తర్వాతంతా? ఇన్నేళ్ళూ అక్కడే ఎందుకు పెట్టుకున్నావు?"

"అక్కడ పెడితే నువ్వొచ్చేవాడివిగా. ఎక్కడున్నా చిరాకుపడుతూ వచ్చి, పెంచి, రెండు మాటలు చెప్పి వెళ్ళేవాడివి. మీ అన్న పోయాక కూడా వచ్చావు."

"వదినా, నిన్ను పిసినారి అని ఊరంతా చెప్పుకు తిరిగాను."

"తెలుసు. బాగా చెబుతావు కూడా."

అక్కడ ఇంకొక్క క్షణం నిలబడితే ఏడ్చేస్తానని లిఫ్టాయనకి అర్థమైంది. వెనకగదిలోకి వెళ్ళాడు. పాత మంచం ఇంకా అక్కడే ఉంది. దాని మీద భార్య తాలూకు గుడ్డల తానులు. వాటిని పక్కకి జరిపి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వయొలిన్ వస్తోంది. ఏ ముక్కో తెలుస్తోంది. విల్లు ఎక్కడ ఆగి ఎక్కడ జారుతోందో తెలియట్లేదు. ఆ తర్వాత ఎక్కిన ప్రతి లిఫ్టూ, దిగిన ప్రతి గొయ్యీ, పెళ్ళీ, పైవాటా, అన్నీ ఈ చాలీచాలని పాటలోంచే వచ్చాయి. ఈ ఇంటికి తను రుణపడి ఉన్నానని అతనికి ఎప్పుడూ తెలుసు. ఎంతో మాత్రం ఇవాళే తెలిసింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ముక్క అసలు ఘట్టం దగ్గరికి వచ్చింది. సరిగ్గా వినబడట్లేదు. లిఫ్టాయన లేచాడు. అప్పుడు పదకొండు అడుగులు పట్టిన దూరానికి ఇప్పుడు ఆరే పట్టాయి. వదిన చేతి పక్కన చెయ్యి వేసి నాబు తిప్పాడు. గాటు స్క్రూని దాటి పైకి వెళ్ళింది, వయొలిన్ గది నిండా విచ్చుకుంది.

వదిన పక్కకి జరిగి చోటిచ్చింది. "వచ్చావా, కూర్చో," అంది.